ఎవరి కింద రాయాలి

ఫిబ్రవరి 3

ముందుగా క్షమాపణ.

మా రిపబ్లిక్‌కూ, దాని కొండలకూ, కొండల మీద మేసే గొర్రెలకూ, ఆ గొర్రెల లెక్కలన్నీ కాగితాల మీదికెక్కించి మా ఆర్కైవ్‌లో పడేసిపోయిన మహానుభావులకూ, ఆ కాగితాలు తిని తరతరాలుగా కాపురాలు చేస్తున్న ఎలుకలకూ, నా ఏడు తరాల తండ్రులకూ ఈ ఎల్దియార్ టోపీ సర్దుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని క్షమాపణ వేడుకుంటున్నాడు. నా వల్ల జరగబోయే అనర్థాలకు అంతులేదు. చరిత్ర తలకిందులవుతుంది. ఎలుకలు వీధిన పడతాయి. ఈ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే (చిక్కదు, ఉన్ని మేజోళ్ళ అడుగున దాస్తున్నాను) చదివినవాళ్ళు నన్ను శపించకుండా ఉండలేరు. శపించండి. అర్హుణ్ణే.

ఇక సంగతి. మా ఆర్కైవ్‌కి రాజధాని నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానికి నేను 'అత్తగారు' అని పేరు పెట్టాను. ప్రతిదానికీ నువ్వెవరని అడుగుతుంది, దేనికీ కారణం చెప్పదు, అలిగిందంటే పొద్దుటినుంచీ చేసిన పనంతా మింగి కూర్చుంటుంది. ఆఫీసులో కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆవిడకు టీ పోసే కోడలి ఉద్యోగం నాకు పడింది.

అత్తగారి లోకంలో అన్నీ చెట్టు ప్రకారం ఉండాలి. ఆ చెట్టు తలకిందులుగా మొలుస్తుంది: వేరు పైన, కొమ్మలు కింద. వేరు కింద వర్గాలు, వర్గం కింద ఫోల్డర్లు, ఫోల్డర్లలో రికార్డులు. ఏ రికార్డూ ఫోల్డరు లేకుండా వీధుల్లో తిరగకూడదు. ఏ ఫోల్డరుకూ ఇద్దరు తండ్రులుండకూడదు. పై వర్గానికి ఏ రాత రాస్తే కింద ఉన్న పిల్లలందరికీ అదే రాత. పైన 'శాశ్వతం' అని ఉంటే పిల్లలూ శాశ్వతం. పైన 'ఐదేళ్ళు' అని ఉంటే, ఐదేళ్ళు దాటిన పిల్లలందరూ ఒక్క నొక్కుతో మట్టిపాలు. ఒక్కొక్కరి మంచిచెడ్డలు ఎవరూ విచారించరు.

ఇది మా ఆఫీసు పెద్ద జూరాకాన్ ఎజేకి, అంటే జూరాకాన్ అక్కకి, అర్థమయ్యేలా చెప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆవిడ శాలువా కప్పుకుని, టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, తెరవైపు పాము పుట్టవైపు చూసినట్టు చూస్తూ కూర్చుంది.

"ఒరే అబ్బాయ్, నాకీ వర్గాలూ గిర్గాలూ ఎక్కవు. మనుషుల భాషలో చెప్పు."

"వంశావళి ఎజే. వంశావళి గీస్తున్నాం. ప్రతి కాగితాన్నీ నువ్వెవరి కొడుకువిరా అని అడగడమే పని."

ఆవిడ ఫ్లాస్కు కిందపెట్టేసింది. "ఆ ముక్క పొద్దున్నే చెప్పి చావొచ్చుగా! ఏడుగురు తండ్రుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాను నేను. రా, గీద్దాం."

అంతే. అప్పటినుంచి ఏ కట్ట ముట్టుకున్నా మేం అడిగేది ఒకటే: దీన్ని ఎవరు కన్నారు? పశువుల ఆస్పత్రిని సమష్టి వ్యవసాయ క్షేత్రం కన్నది, దాని కింద. స్నానశాలను ఉన్ని కార్ఖానా కన్నది, దాని కింద. గ్రంథాలయం మొట్టమొదట స్నానశాల వెనక గదిలో తెరిచారట, కాబట్టి స్నానశాల కింద. ఇక్కడ ఎజే కాసేపు ఆలోచించింది. తర్వాత "రక్తం రక్తమే" అని సంతకం పెట్టింది.

ఎప్పుడో మూతపడ్డ జిల్లా రేడియో క్యాసెట్లు ఒక అట్టపెట్టెడు ఉన్నాయి. కొండమీది వేసవి మేతలనుంచి కాపరులు కింద ఊళ్ళోవాళ్ళకు చెప్పుకున్న కబుర్లూ శుభాకాంక్షలూ. రేడియో పోస్టాఫీసు మేడమీద పుట్టింది కాబట్టి పోస్టాఫీసు కింద. పోస్టాఫీసు రాత ఐదేళ్ళు. ఎజే సంతకం పెట్టింది. నేనేమీ వినలేదు. వినే తీరిక ఎవరికి? ఎవరో ముసలాయన మూడుసార్లు గొంతు సవరించుకోవడం వినడానికా నాకు జీతమిచ్చేది?

ఇంట్లోనూ జనవరి నుంచీ వంశావళి గొడవే. దాని గురించి రాయను.

ఫిబ్రవరి 4

రేడియో సంగతి ఎవరూ అడగలేదు. మంచిది.

ఫిబ్రవరి 9, ఆదివారం

రాయనన్నాను. రాస్తున్నాను. ఈ దేశంలో నిలకడ ఉన్నది కొండలకొక్కటే.

అత్తగారికి చెప్పినట్టు వరసగా చెప్పుకుంటాను. పైన కెరిమ్‌కుల్. ఆయన కింద ఆయన కొడుకు జిర్గల్. జిర్గల్ కింద తొలి సంతానంగా ఎల్దియార్, అంటే నేను. నలభయ్యోరోజున కెరిమ్‌కుల్ భార్య బురుల్ వచ్చి, పసివాణ్ణి తన గౌను కుచ్చిళ్ళలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి తెచ్చేసుకుంది. తొలిబిడ్డ తాతా నాయనమ్మలది. మా వైపు అది రివాజు, ఎవరూ ఏడవరు, ఏడ్చినా చాటుగా ఏడుస్తారు. అలా నా ఫోల్డరు మారింది. తాత నాకు అతా, అంటే నాన్న, అయ్యాడు. నాయనమ్మ అపా, అమ్మ. కన్నతండ్రి బైకే, పెద్దన్నయ్య. కన్నతల్లి గుల్జాన్ నాకు వదిన. ఆ ఇంటికి కడగొట్టు కొడుకుని నేను. పొయ్యీ, ఇల్లూ కడగొట్టువాడివే కాబట్టి అపాకు తోడుగా నేనే ఉన్నాను. అతా పోయి ఐదేళ్ళయింది.

ఇప్పుడు కచ్కిన్ మాస్టారు మా వంశావళిని అచ్చు వేయిస్తున్నారు. వసంతోత్సవానికల్లా పుస్తకం రావాలట.

ఇవాళ జిర్గల్ బైకే కుటుంబంతో సహా భోజనానికొచ్చాడు. బొగ్గు లారీ తోలతాడు. ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో నలుపు పోదు. మాంసం తినడం అయ్యేదాకా ఆగి, చేతులు తుడుచుకుని, అపా మొహం చూడకుండా అన్నాడు:

"మాస్టారితో చెప్పేశానమ్మా. ఎల్దియార్‌ని నా కింద రాస్తారు."

"నీ కిందా?" అంది అపా. "నీ లారీ కింద రాయించుకో ఏదైనా. వీడు నా కొడుకు."

"కన్నది మేం కదమ్మా."

"కనడం గొర్రె కూడా కంటుంది. ఈనిన పిల్లని ఎవరు వెచ్చబెట్టారో అది చెప్పు."

"నాకు ముగ్గురూ ఆడపిల్లలు. వాళ్ళని పుస్తకంలో వెయ్యరు. వీడు కూడా పక్క గీతలోకి పోతే నా పేరు కింద తెల్లకాగితమే మిగుల్తుంది. రేపు చూసినవాళ్ళు ఈ ఇల్లు ఇక్కడితో ఆరిపోయిందనుకుంటారు." ఆ మాట అతను పోట్లాటగా అనలేదు. పోట్లాటగా అనుంటే బాగుండేది, నేనేదైనా జోకేసేవాణ్ణి.

అతని చిన్న కూతురు అయ్‌పెరి తలెత్తింది. "మరి నేనెవరి కింద?"

"నువ్వు బల్ల కింద. బోర్‌సోకులు దొంగిలించేవాళ్ళందరి చోటూ అదే" అన్నాను. అందరూ నవ్వారు. అది నవ్వలేదు. చేతిలో వేపుడు రొట్టెముక్క పళ్ళెంలో తిరిగి పెట్టేసింది.

గుల్జాన్ వదిన టీ పోస్తోంది. మా దగ్గర మనసున్న చోట కప్పు సగమే నింపుతారు, మళ్ళీ మళ్ళీ చాపాలని. నిండా పోస్తే తాగి దయచెయ్యమని అర్థం. నా కప్పు అంచుదాకా నిండింది. చెయ్యి తడబడి ఉంటుంది. ఆవిడ నావైపు చూడటం లేదు కదా.

అప్పుడు అపా అంది: "ఆయన్నే చెప్పమందాం."

"ఎవర్ని?"

"మీ నాన్నని. వీడు బళ్ళో చేరిన ఏడు రేడియోవాడు గుర్రమెక్కి పైకొచ్చాడు, మాటలు పట్టే డబ్బాతో. మీ నాన్న అందులో మాట్లాడాడు, వీడి పేరు ఎత్తాడట. నేను గుర్రాల పాలు పితుకుతున్నాను, వినలేదు. రేడియోలో వేసినరోజున మా బ్యాటరీ చచ్చింది. వీణ్ణి ఏమన్నాడో అదే రాయండి. కొడుకంటే కొడుకు. మనవడంటే మనవడు."

బైకే గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాన్న మాటే మాట. నాకు సమ్మతమే."

అందరూ నావైపు తిరిగారు.

"ఆ క్యాసెట్లు మీ ఆఫీసులోనే ఉన్నాయట కదరా?" అంది అపా.

"వెతకాలి" అన్నాను.

ఫిబ్రవరి 10

వెతకలేదు. పని ఎక్కువ.

ఫిబ్రవరి 12

అపా బూట్లు తొడుక్కుంటున్న నన్ను గుమ్మంలో అటకాయించింది. "దొరికిందా?"

"వేలకొద్దీ ఉన్నాయి అపా."

"అట్టపెట్టెడే అని ఎజే చెప్పిందే, బజార్లో కనబడి."

"...పెద్ద అట్టపెట్టె."

"దొరకగానే ఫోనులో వేసి పట్రా. పాటలు వేసుకుంటావుగా, అలాగ."

"అలా కుదరదు అపా. ప్రభుత్వ ఆస్తి. చట్టం ఒప్పదు."

"అలాగా. మీ ఆఫీసు గోడగడియారం మన వంటింట్లో ఏం చేస్తోంది మరి?"

"అది మరమ్మతుకి తెచ్చాను."

"దీన్నీ మరమ్మతుకే తీసుకురా."

ఫిబ్రవరి 16, ఆదివారం

చెప్పేశాను. క్యాసెట్టు ఉంది. అతా పేరూ, మేత పేరూ పైన రాసి ఉన్నాయి. కానీ రేడియో పోస్టాఫీసు కింద ఉంది, పోస్టాఫీసు రాత ఐదేళ్ళు, ఐదేళ్ళు ఎప్పుడో దాటాయి. ఇరవయ్యెనిమిదిన ప్రాంతీయ కార్యాలయం నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు, నొక్కుతాడు, కంప్యూటర్లో ఉన్నదీ పోతుంది, పెట్టె కాల్చేస్తారు. చెట్టుకి తాళం పడింది. అందాకా బయట పెట్టడానికీ వీల్లేదు. నేను చిన్న ఉద్యోగిని. అత్తగారి మాటకు ఎదురు లేదు.

బైకే అంతా విని, నెమ్మదిగా అడిగాడు. "పోస్టాఫీసు కింద పెట్టిందెవరు?"

"ఎజే సంతకం ఉంది."

"సంతకం కాదు. పెట్టిందెవరు?"

"వంశావళి పద్ధతి బైకే! రేడియో పోస్టాఫీసు మేడమీద పుట్టింది. కన్నవాళ్ళ కింద రాయాలని నువ్వే అన్నావుగా?"

అతను టోపీ అందుకున్నాడు. ఆ మాట వెయ్యకుండా ఉండాల్సింది. కానీ బాగా తగిలింది. తగిలింది కదా అని సంతోషపడ్డాను, అతను మా మెట్లు దిగేదాకా.

తప్పు నాది కాదు. తర్కానిది.

ఫిబ్రవరి 18

తప్పు నాది కాదు, తర్కానిది. ఒక పద్ధతి పెట్టుకున్నాక పద్ధతి ప్రకారం పోవాలి. గ్రంథాలయం స్నానశాల కింద లేదూ? దాని గురించి ఎవరూ ఏడవడం లేదే.

ఇవాళ పోస్టాఫీసు ఫోల్డరు తెరిచాను. మూశాను. టీ తాగొచ్చి తెరిచాను. మూశాను. మౌస్ పాడైనట్టుంది, ఊరికే అటే పోతోంది. భోజనాల వేళ నరీన్ నది ఒడ్డుదాకా నడిచాను. ఏరు మధ్యలో మంచు విరిగి నీళ్ళు నల్లగా కనబడుతున్నాయి. చూడ్డానికేమీ లేదు. తిరిగొచ్చి తెరిచాను.

ఫిబ్రవరి 19

మూశాను.

ఫిబ్రవరి 21

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అపా కొట్టంలో బక్కెట్టు పక్కన పెట్టుకుని, పని చెయ్యకుండా కూర్చుని ఉంది. ఆవు ఆవిడకేసి విచిత్రంగా చూస్తోంది.

"ఏమైంది అపా?"

"మీ అతా దీన్ని ఎలా అదిలించేవాడురా?"

"దేన్ని?"

"ఈ దున్నపోతు ఆవుని. ఒక్క అరుపు అరిచేవాడు, కాలు కదిపేది కాదు. ఇవాళ తన్నింది. ఆయనలా అరుద్దామని నోరు తెరిచాను. రాలేదు." కాసేపు చేతుల్లోకి చూసుకుంది. "మొహం ఉంది. టోపీ ఉంది. నడక కూడా ఉంది, ఎడమకాలు కాస్త ఈడ్చి. ఆయన గొంతే పోయిందిరా నాకు. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు."

నేను జోకు వెయ్యబోయాను. రాలేదు. ఇది మొదటిసారి, అందుకే తేదీతో సహా నమోదు చేస్తున్నాను.

"వాళ్ళ పుస్తకం గొడవ నాకొద్దు" అంది. "నిన్ను కొడుకన్నాడో, మనవడన్నాడో, గాడిద అన్నాడో. నువ్వు ఎవరివో నాకు ఆయన చెప్పాలా ఏమిటి? ఊరికే అలా అన్నాను, జిర్గల్ నోరు మూయించడానికి. నాకు గొంతు చాలు. ఒక్క దగ్గు చాలు."

ఒక్క దగ్గు.

ఫిబ్రవరి 24

పొద్దున్నే ఎజే బల్ల ముందు నిలబడ్డాను. రేడియోని పోస్టాఫీసు కింద నుంచి తియ్యాలన్నాను.

"మతి పోయిందా? చెట్టంతా పైకి పంపేశాం, తాళం వేశారు. తియ్యాలంటే కారణం రాయాలి, నేను సంతకం పెట్టాలి, పైవాళ్ళు ఒప్పుకోవాలి. అయినా రక్తం రక్తమేనని నువ్వే గదా పాఠం చెప్పావ్?"

"ఎజే, పోస్టాఫీసు రేడియోకి ఇచ్చిందేమిటి? మేడమీద ఒక గది. అంతేగా? మాట్లాడేవాడి జీతం ఎవరిచ్చారు? సాంస్కృతిక క్లబ్బు. డబ్బా ఎవరు కొన్నారు? క్లబ్బు. వాడు కొండెక్కడానికి గుర్రం? క్లబ్బుదే. ఆ గుర్రానికి మేత కూడా క్లబ్బే పెట్టింది. చలికాలం గదిలో పొయ్యి పాడైతే పోస్టుమాస్టరు వీళ్ళని బయటికి గెంటాడట, క్లబ్బువాళ్ళు వేదిక వెనక చోటిచ్చారు. పోస్టాఫీసు కన్నదేమో కన్నది. పెంచింది క్లబ్బు."

ఎజే ఫ్లాస్కు మూత తీసింది. నేను ఇంకా ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"నన్ను మా నాయనమ్మ పెంచింది" అంది. "కన్నతల్లిని, ఆవిడ పోయేదాకా, వదినా అనే పిలిచాను. మంచం మీద ఉన్నప్పుడు ఒక్కసారి అమ్మా అందామనుకున్నాను. అలవాటు లేని మాట, నాలుక తిరగలేదు." కప్పులో సగం టీ పోసి నా ముందుకు తోసింది. "రాయి. పెంచినవాళ్ళ కింద రాయి. పైవాళ్ళతో నేను మాట్లాడతాను, వాళ్ళ పెద్దాయన మా మేనత్త అల్లుడే. అన్నట్టు ఆ గ్రంథాలయాన్ని కూడా స్నానశాలలోంచి బయటికి లాగు. పాపం, తడిసిపోతోంది."

సాంస్కృతిక క్లబ్బు రాత: శాశ్వతం. మధ్యాహ్నానికి పైనుంచి అనుమతి వచ్చింది. ఫోల్డరుని పట్టుకుని లాగి క్లబ్బు కింద వదిలాను. తరలింపుకి కారణం రాయమని అత్తగారు అడిగింది. 'పెంపకం' అని రాశాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మేం ఒకరినొకరు అర్థం చేసుకోవడం ఇదే మొదలు.

పెంచినవాళ్ళదే బిడ్డ అని వాదించి గెలిచాను. ఆ వాదనతో దేన్ని గెలిపించానో తలచుకుంటే నవ్వొస్తోంది. ఎందుకొస్తోందో రాయను.

ఫిబ్రవరి 28

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కూర్దాక్, అదే మా మాంసం వేపుడు, తిన్నాడు. నొక్కాడు. పోస్టాఫీసు పిల్లలంతా పోయారు, టెలిగ్రాములూ, పార్సిల్ రసీదులూ. రేడియో ఉంది.

ఎజే ఆర్కైవ్ ముద్రతో నకలు ఇచ్చింది. జేబులో ఉంది. జేబు మీంచి చెయ్యి తియ్యాలనిపించడం లేదు. జేబు కోసెయ్యాలనీ అనిపిస్తోంది.

మార్చి 2, ఆదివారం

అందరూ వచ్చారు. బైకే గడ్డం గీసుకుని, పెళ్ళికొచ్చినట్టు చొక్కా వేసుకుని వచ్చాడు. అపా టీవీ మీద గుడ్డ కప్పింది, ఎందుకో తెలియదు. ఫోను బల్లమధ్య రొట్టెల పక్కన పెట్టి, నొక్కాను.

గాలి. కుక్క అరుపు. తర్వాత గొంతు సవరించుకోవడం, ఒకటి, రెండు, మూడు.

అపా రెండు చేతులూ బల్లమీద పెట్టుకుంది.

"మాట్లాడనా? తిరుగుతోందా అది? కింద ఉన్నవాళ్ళందరికీ సలాం. గొర్రెలు బాగున్నాయి. వానలు పరవాలేదు. మా ముసలిదానికి మోకాలు నొప్పి, దానికో పాట వెయ్యండి, పొడుగుది వెయ్యండి, అందాకా కూచుంటుంది. ఇంకా... మా జిర్గల్ కొడుకు ఎల్దియార్ ఈ ఏడు బళ్ళోకి పోతున్నాడు. జిర్గలూ, ఎక్కడున్నావో, విను. వాడు నా దగ్గర అమానతు. చదువు కాగానే నీ కొడుకుని నీకు అప్పజెప్తాను. అమానతు మింగే మనిషిని కాను నేను. ఒరే ఎల్దియార్, అక్షరాలు వంకరగా రాయకు. అంతే. ఆపు. ఆపావా? ఇంకా తిరుగుతూనే ఉందేం..."

కుక్క మళ్ళీ అరిచింది. అయిపోయింది.

బైకే మొహం చేతుల్లో దాచుకున్నాడు. నల్ల గోళ్ళు నుదుటి మీద కనబడుతున్నాయి. "నాకు తెలీదు" అన్నాడు చేతుల్లోంచే. "ఆ ఏడు గనిలో ఉన్నాను. ఎవరూ చెప్పలేదు. నాన్న నన్ను పూర్తిగా మర్చిపోయాడనుకున్నాను."

వదిన అతని వీపు మీద చెయ్యి వేసి, ఇటు తిరిగి నన్ను చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

అపా అంది:

"ఈయనెప్పుడూ ఇంతే. పక్కింటి తోరోబెక్ జీను కూడా అమానతన్నాడు, ఇవాళో రేపో ఇచ్చేస్తానన్నాడు. అది ఇప్పటికీ మన కొట్టంలో ఉంది."

ముందు బైకే నవ్వాడు, ముక్కు తుడుచుకుంటూ. తర్వాత అందరం. అపా నవ్వలేదు. ఫోనుకేసి చూపించింది. "మళ్ళీ వెయ్యి. మొదట్నుంచి."

వేశాను. గొంతు సవరించుకోవడం అయిపోగానే "ఆపు" అంది. "మళ్ళీ." మళ్ళీ వేశాను. "మళ్ళీ." ఎన్నిసార్లో. ఒకసారి లేచి కొట్టం తలుపుదాకా వెళ్ళి, ఆవుకి వినబడేలా ఒక్క అరుపు అరిచి వచ్చింది. అచ్చం ఆయనలాగే ఉంది.

"రాయించుకోరా జిర్గల్" అంది కూర్చుంటూ. "మీ నాన్న మాట. పొయ్యి మాత్రం వీడిదే, అది ఏ పుస్తకంలోనూ రాయక్కర్లేదు."

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. మూడుసార్లు కాదు, ఒక్కసారే. "నాదో షరతు ఉంది. నన్ను బైకే కింద వేస్తే, నా పక్కన నా ముగ్గురు చెల్లెళ్ళనీ వెయ్యాలి."

"కచ్కిన్ మాస్టారు ఒప్పుకోడురా. ఆడపిల్లల్ని ఎప్పుడూ..."

"ఒప్పుకోకపోతే నేనూ రాను, తెల్లకాగితం అచ్చేసుకోమను. ఒక ఫోల్డరుకి ఇద్దరు తండ్రులు ఉండకూడదు గానీ, ఒక తండ్రికి నలుగురు పిల్లలు ఉండకూడదని ఏ అత్తగారూ అనలేదు."

బల్లకింద ఏదో కదిలింది. వంగి చూస్తే అయ్‌పెరి, రెండు చేతులా బోర్‌సోకులతో.

వదిన టీ పోసింది. నా కప్పులో సగం. తాగి చాపాను. మళ్ళీ సగం. మళ్ళీ చాపాను.

బైకే లారీ ఎక్కబోతూ తలుపు పట్టుకుని కాస్త ఆగాడు. దేనికోసం ఆగాడో నాకు తెలుసు. నాలుక దాకా వచ్చింది కూడా. "జాగ్రత్తగా పో... బైకే" అన్నాను.

"సరే తమ్ముడూ" అని నవ్వాడు. పళ్ళు కూడా బొగ్గు రంగే.

మార్చి 5

కచ్కిన్ మాస్టారు ఒప్పుకున్నారు. మూడురోజులు అరిచి ఒప్పుకున్నారు. ఎజే ఇవాళ అందరిముందూ నన్ను మెచ్చుకుంది: వివేకంతో జిల్లా గొంతుని కాపాడిన యువకుడట. అపా మా వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, నా కొడుకు వాళ్ళ నాన్నని మంటల్లోంచి తీసుకొచ్చాడని చెబుతోంది. నేను తలవంచుకుని నడుస్తున్నాను. వినయం అనుకుంటున్నారు.

కాబట్టి లెక్కలు సరిచేసుకోవాలి. రిపబ్లిక్‌కి చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను, దానికి నేనేమీ చెయ్యలేదు. కొండలకూ గొర్రెలకూ కూడా. ఎలుకలు క్షేమం. స్నానశాలకూ గ్రంథాలయానికీ మధ్య జరిగినది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. ఏడు తరాల తండ్రులు నన్ను ఎవరి కింద కావాలంటే వాళ్ళ కింద చూసుకోవచ్చు. గోడగడియారం రేపు తిరిగిచ్చేస్తాను, అది కూడా పెద్ద నేరం కాదు.

నేను నిజంగా చేసింది ఒక్కటే.

ఫిబ్రవరి మూడున, పొద్దున్నే, ఎజే ఇంకా రాకముందు, ఆ పెట్టెలోంచి అతా పేరున్న క్యాసెట్టు తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తూ చెవులకు పెట్టుకున్నాను. నా కొడుకు అంటాడనే ఆశతో విన్నాను. అమానతు అన్నాడు. అప్పజెప్తానన్నాడు. తప్పుగా విన్నానేమోనని రెండోసారి విన్నాను. వంశావళి అని ఎజేకి చెప్పింది ఆ తర్వాతే. ఎవరు ఎవర్ని కన్నారని మధ్యాహ్నమంతా అడిగింది ఆ తర్వాతే. గ్రంథాలయాన్ని స్నానశాల కింద తోసింది కూడా, రేడియో ఒంటరిగా కనబడకూడదని.

రేడియోకి తండ్రి ఎవరా అని నేను వెతకలేదు. ముందు 'ఐదేళ్ళు' అనే రాత వెతికాను. తర్వాత ఆ రాత ఉన్న తండ్రిని వెతికి, మా నాన్నని వాడి కింద పెట్టాను.